తెల్లగులాబులు: మార్గరేటా రోజెన్‌బోమ్ పుష్పచిత్రములను గూర్చి

ఎవరి యింటికైనను బోయినప్పుడు గోడమీద పూలగుత్తి చిత్రమొకటి కానవచ్చినయెడల మనము సాధారణముగా "ఇది మీ అమ్మాయి వేసినదా?" యని యడుగుదుము. ఆ చోటనే యొక యుద్ధరంగమో, కొండయో, ముసలివాని ముఖమో యున్నయెడల "ఇది యెవరు వేసినది?" యని యడుగుదుము. మొదటి ప్రశ్నలో వాత్సల్యమున్నది. రెండవ ప్రశ్నలో గౌరవమున్నది. వాత్సల్యమును మేము నిందింపము. కాని గౌరవమునకు బదులుగా వాత్సల్య మీయబడినప్పుడు పుచ్చుకొనువారికి నష్టమే కలుగును. పందొమ్మిదవ శతాబ్దమున హాలండు దేశములో పూలచిత్రములు వేసి జీవించిన స్త్రీలకు ఈ నష్టము నిండుగా గలిగినది. వారి చిత్రములను జనులు కొనిరి, మెచ్చిరి, వసారాలలో వ్రేలగట్టుకొనిరి. వానిని నిలిచి చూచినవారు మాత్రము తక్కువ.

వారిలో నొకతెయగు మార్గరేటా రోజెన్‌బోమ్ తెల్లగులాబులను గూర్చి మా యభిప్రాయమును జదువరుల ముందుంచ దలచినాము. ఆమె లోకోత్తర చిత్రకర్త్రి యని స్థాపించుట మా యుద్దేశము కాదు. ఆమె పనిలో లోపములున్నవి, వానిని దాచము. ఆమె స్త్రీ యగుటచే మెచ్చుకొనుటయు, స్త్రీ యగుటచే తీసివేయుటయు నొకే తప్పిదమునకు రెండు ముఖములని మేము నమ్ముచున్నాము.

మార్గరేటా 1843వ సంవత్సరమున జన్మించినది. తండ్రి నికోలాస్ యోహానెస్ రోజెన్‌బోమ్ ప్రకృతిదృశ్యములు వేయు చిత్రకారుడు. తల్లికి తండ్రియైన ఆంద్రేయాస్ షెల్ఫ్‌హౌట్ అంతకంటె మిక్కిలి ప్రసిద్ధుడు. గడ్డకట్టిన కాలువలు, మంచుపై జాఱుచు బోవు జనులు, బూడిదరంగు ఆకాశము: ఈ శీతకాలపు దృశ్యములకు షెల్ఫ్‌హౌట్ పేరు హాలండు దేశమంతట మాఱుమ్రోగినది. ప్రఖ్యాతుడైన యోంగ్‌కింద్ ఆయన శిష్యుడే. మనుమరాలు హేగ్ నగరమున తాతగారి తుదిదినములలో ఆయన యింటనే యుండెను. ఆయన 1870లో గతించెను. ఆమె పూలచిత్రములనే, అందును ముఖ్యముగా గులాబులనే, తన పనిగా జేసికొని 1896లో హేగ్ సమీపముననున్న వోర్‌బుర్గ్ అను నూర మరణించినది. రోజెన్‌బోమ్ అను నింటిపేరునకు డచ్చి భాషలో గులాబిచెట్టు అని యర్థము. ఇట్టి పేరుగలది గులాబులు వేసియే పేరు గాంచుట కేవలము కాకతాళీయమని కొట్టివేయుటకు మాకు మనసొప్పలేదు. అట్లని దానినుండి సిద్ధాంత మేదియు లాగబోము.

ఇచ్చట నొక విషయమును గమనింపవలెను. ఆ కాలపు డచ్చి చిత్రకర్త్రులలో ననేకులు చిత్రకారుల కూతుండ్రు. మారియా మార్గరేటా వాన్ ఓస్ అను నామె (1779–1862) పూలచిత్రములలో బేరుమోసిన యాన్ వాన్ ఓస్ కుమార్తె. ఆడ్రియానా హానెన్ (1814–1895) తండ్రియు, సోదరులును, అక్కయు చిత్రకారులే. గెరార్డీనా బాక్‌హైజెన్ (1826–1895) తండ్రి పశువులను, పచ్చికబయళ్లను వేయుటలో నిపుణుడు. తమ్ముడు జూలియస్ ప్రకృతిదృశ్యములు వేయువాడు. అక్కాతమ్ములిద్దఱు నొకే చిత్రశాలలో బనిచేసిరి. ఇంతకు నూఱేండ్ల ముందు కీర్తిశిఖరము నెక్కిన రాచెల్ రైష్ (1664–1750) మాత్రము చిత్రకారుని బిడ్డ కాదు గాని, ఆమె తండ్రి ఫ్రెడెరిక్ రైష్ శరీరశాస్త్రజ్ఞుడు, వృక్షశాస్త్రజ్ఞుడు. ఆయన సేకరించిన వింతవస్తువుల నిధిని 1717లో రష్యా చక్రవర్తి పీటరు కొనెను. ఆ కూతురు పురుగులను, ఆకులను, ఎండిన మొక్కలను చూచుచు బెరిగెను.

ఈ స్త్రీలకు రక్తములో వచ్చిన విద్య యని దీనికి లోకులు వ్యాఖ్యానము చెప్పుదురు. మాకు వేఱొక కారణము కనబడుచున్నది. పాఠశాల తలుపు మూసియున్నది. ఇంటిలోని చిత్రశాల తలుపు మూయుటకు వీలులేదు. రంగులు నూఱుట, గుడ్డ బిగించుట, నూనె పాళ్లు కలుపుట చిన్ననాడే చూచిన బిడ్డకు అక్కడనే అక్షరాభ్యాసమైనది. తండ్రి వర్తకుడో, గుమస్తాయో యైన పిల్లకు ఎంత చేతివాటమున్నను ఆ యక్షరాభ్యాస మెవరు చేయుదురు? ఎందఱు పిల్లలు అట్లు మిగిలిపోయిరో లెక్కపెట్టుట కెవరికిని వీలుకాదు.

పాఠశాల తలుపెట్లు మూసియుండెనో కొంచెము చెప్పవలసియున్నది. ఐరోపా చిత్రవిద్యాలయములలో చిత్రములకు కులభేదముండెను. పురాణకథలు, చరిత్రఘట్టములు వేయుట అగ్రజాతి, మనుష్యముఖములు తరువాత, ప్రకృతిదృశ్యము లాపిమ్మట, పండ్లు, పూలు, పాత్రలు అట్టడుగున. అగ్రజాతి చిత్రము వేయవలెనన్న మనుష్యదేహమును వస్త్రము లేకుండ నెదుట నిలుపుకొని యేండ్లతరబడి యభ్యసింపవలెను. స్త్రీలకు ఆ గదిలోనికి ప్రవేశము లేదు. లండనులోని రాయల్ అకాడెమీ విద్యాలయమున 1860లో లారా హెర్‌ఫర్డ్ అను నామె తన పేరునకు బదులు పొడియక్షరములతో చిత్రములు పంపినందున, పురుషుడని తలచి చేర్చుకొనిరి. ఆమ్‌స్టర్‌డాములోని జాతీయ చిత్రవిద్యాలయము 1870లో నేర్పడిన పిమ్మటనే స్త్రీలకు ద్వారము తెఱచెను. పారిసునందలి ప్రసిద్ధ విద్యాలయము 1897వఱకు తెఱవలేదు. మార్గరేటా చేతికి కుంచె వచ్చిన కాలమున ఇవి యన్నియు మూసిన తలుపులే. దేహమును జూడనీయక పూవును మాత్రము చూడనిచ్చి, ఆ తరువాత "ఆడువారు పూలు తప్ప వేయరేమి?" యని యాశ్చర్యపడుట ఆ కాలపు విమర్శకులకు తగిన న్యాయము.

మఱియొక మాట. ఇట్టి చిత్రములకు తెలుగున నిలిచిన పేరు లేదు. డచ్చివారు "స్టిల్‌లేవెన్" అందురు; నిశ్చలమైన జీవమని యర్థము. ఇంగ్లీషువారి పేరు దీనినుండి పుట్టినదే. ఫ్రెంచివారు ఆ వస్తువునకే "నాత్యూర్ మోర్త్" అని పేరు పెట్టిరి. మృతప్రకృతి యని దాని యర్థము. కదలకయున్నది జీవించియే యున్నదనునది యొకరి దృష్టి. కోసినది చచ్చినదనునది మఱియొకరి దృష్టి. కోసిన గులాబి బ్రదికియున్నదా, చచ్చినదా? పూజకు దెచ్చిన పూవును, తలలో దుఱుముకొన్న పూవును చూచు మన యింటి స్త్రీలు దీనికి మంచి యుత్తరము చెప్పగలరు. మార్గరేటా చిత్రములన్నియు నీ ప్రశ్నకు సమీపమున నిలిచినవే.

పూర్వపు డచ్చి పూలచిత్రములకును ఈమె చిత్రములకును గల దూరము తెలిసికొననిదే ఈమె చేసినపని బోధపడదు. పదునేడవ శతాబ్దపు పూలగుత్తి నిజమునకు ఏ యింటిబల్లమీదను ఉండుటకు వీలులేనిది. వసంతారంభమున బూయు తులిపపూవును, నడివేసవిలో బూయు గులాబియు, పిమ్మట బూయు మఱియొక పూవును నొకే పాత్రలో నొకే గడియయందు విరియబూచి యుండును. చిత్రకారుడు ఆయా ఋతువులలో విడివిడిగా వ్రాసికొన్న నమూనాలను గుడ్డమీద గూర్చెను. దానిలో ఱెక్కపై నీటిబొట్టు, ఆకుపై గొంగళిపురుగు, అంచున నత్త, ప్రక్కన గడియారమో, కపాలమో. చూచువాడు వైభవమును జూచి, వెంటనే మరణమును దలచుకొనవలెను. తులిపగడ్డల వెల వెఱ్ఱిగా బెరిగి 1637 ఫిబ్రవరిలో కుప్పగూలిన దేశమది. పూవు అచ్చట ధనము, పూవు జూదము, పూవు వేదాంతము. రాచెల్ రైష్ చిత్రములకు ఆమె జీవితకాలముననే 750 మొదలు 1,200 గిల్డర్ల వఱకు వచ్చెడివని చెప్పుదురు. రెంబ్రాంటునకు 500 గిల్డర్లకు మించి వచ్చుట అరుదు. ఆమె పదిమంది బిడ్డల తల్లి. ఎనుబదేండ్లు దాటిన పిమ్మటను చిత్రములపై వయస్సుతోగూడ సంతకము చేసినది.

మార్గరేటా ఈ సంపదనంతయు బయట విడిచివచ్చినది. ఆమె శ్వేతగులాబుల చిత్రములలో తఱచుగా నగుపడునదేమి? ఒక ఱాతిచట్టము, లేక యొక సాదాపాత్ర. కొన్ని తెల్లగులాబులు, కొన్ని యాకులు. వెనుక నేదియని చెప్పుటకు వీలులేని మసకనేల. గడియారము లేదు, కపాలము లేదు, పురుగు లేదు, దూరదేశపు శంఖము లేదు. పూలన్నియు నొకే ఋతువునవి. తోటనుండి యెవరో కోసి తెచ్చి, పాత్రకొఱకు లోపలికి బోయినట్లు, ఆ కొంచెము సేపటిలో మనము గదిలోనికి వచ్చినట్లు తోచును. ఇది సామాన్యమైన మార్పు కాదు. చూచువానికి వేదాంతము బోధించు భారమును పూవు నెత్తినుండి దింపివేయుట యిది. పూవు ఇంక దేనికిని గుఱుతు కాదు, పూవు పూవే.

గులాబి కూడ మాఱినది. పూర్వపు చిత్రములలోని గులాబి నూఱురేకులది. డచ్చితోటలవారే దానిని పెంచి పెద్దచేసిరి. అది గుండ్రముగా, క్రిక్కిఱిసిన ఱేకులతో, నిండుకుండవలె నుండును. పందొమ్మిదవ శతాబ్దమున చీనాదేశపు గులాబుల సంతతి ఐరోపాతోటలలో వ్యాపించెను. వాని ఱేకులు పలుచన, కాడ సన్నన, పూవు బరువునకు తల వాల్చును. చిత్రకారునికి తలవాల్చిన పూవు గొప్ప వరము. నిలువుగా నున్నపూవు తన ముఖమును మాత్రమే చూపును. వాలినపూవు మెడను, వీపును, ఆకుపచ్చని గిన్నెను, ఱేకుల క్రిందిభాగపు నీడను చూపును. మార్గరేటా గులాబులలో ననేకము మనవైపు చూడవు. కొన్ని ప్రక్కకు దిరిగియున్నవి, కొన్ని ఱాతిమీద చెక్కిలి యాన్చియున్నవి. పూవు మనకొఱకు పూయలేదను సంగతి ఈమెకు దెలియును.

ఇక తెలుపును గూర్చి. చిత్రలేఖనము నెఱుగనివారు తెల్లపూవు వేయుట సులభమనుకొందురు. తెల్లరంగు పూసిన జాలునుగదా యందురు. వాస్తవమునకు తెల్లగులాబిలో తెలుపు మిక్కిలి తక్కువ. వెలుగు సూటిగా దగిలిన ఱేకు అంచున రవ్వంత. తక్కినదంతయు పసుపుచాయ, బూడిదచాయ, ఆకులనుండి ప్రతిఫలించిన లేతపచ్చ, గర్భమున నించుక వెన్నరంగు. ఈ చాయలలో నేదియైన నొకటి ఇంచుక ముదిరినయెడల పూవు మాసినగుడ్డవలె నగును; ఇంచుక తగ్గినయెడల సుద్దముద్దవలె నగును. ఎఱ్ఱగులాబి వేయువాడు పొరపాటు చేసినను ఎఱుపు అతనిని కాపాడును. తెల్లగులాబి వేయువానిని కాపాడునది యేదియు లేదు. ఈ కష్టమును మార్గరేటా తెలిసి కోరుకొన్నది. ఆమె మంచిచిత్రములలో ఱేకునకు ఱేకునకు నడుమ గీత యుండదు; ఒక బూడిదచాయ వేఱొక బూడిదచాయను దాకినచోట ఱేకు ముగిసినదని మనకు దెలియును.

ఈ విద్య ఆమెకు ఎచ్చటనుండి వచ్చినది? మా యూహ యొకటి చెప్పెదము. ఒప్పుకొనుటయు మానుటయు చదువరుల చిత్తము. ఆమె తాతగారు తమ జీవితమెల్ల మంచును వేసినవారు. మంచుమీద మబ్బువెలుగు పడినప్పుడు తెలుపు తెలుపుగా నుండదనియు, దానిలో నీలము, బూడిద, గులాబిచాయ దాగియుండుననియు ఆయన కంటె నెఱిగినవారు హాలండులో లేరు. గడ్డకట్టిన కాలువను వేసిన తాత, ఱేకులను వేసిన మనుమరాలు: ఇద్దఱు పరీక్షించినది యొకే సమస్యను. తాతగారి మంచు మనుమరాలి గులాబిలో గరగకుండ నిలిచినది. హేగ్ నగరమున 1870 ప్రాంతమున తలయెత్తిన చిత్రకారబృందమువారు, ఇస్రాయెల్స్, మారిస్ సోదరులు, మావ్ మొదలగువారు, గాఢవర్ణములను విడిచి బూడిదచాయలలో వెలుగును జూపుటకు బ్రయత్నించిరి. వారిది బూడిదసంప్రదాయమని పరిహసించినవారును గలరు. ఆ గాలియే మార్గరేటాకును దగిలినది. కాని వారు సముద్రతీరమునకు బోయి వెదకిన వెలుగును ఈమె కిటికీప్రక్కనున్న బల్లమీద జూడగలిగినది.

నూనెరంగులతోడనేగాక నీటిరంగులతోడను ఆమె పనిచేసినది. నీటిరంగులలో తెల్లపూవు వేయుట మఱియొక విద్య. అచ్చట తెలుపనగా కాగితమే. చిత్రకర్త్రి పూవును వేయదు. పూవుచుట్టునున్న చీకటిని వేయును. విడిచిన చోట పూవు మిగులును. ముందుగా నాలోచింపక కుంచె ముంచినయెడల తిరిగి వచ్చుటకు దారిలేదు. మేము చూచినవి చిత్రముల ప్రతులే. ప్రతులలో తెల్లపూవు మొదట నష్టపోవునది. అచ్చులో బూడిదచాయలు చచ్చి, గులాబి కాగితపుపూవువలె దోచును. ఈమె పేరు మఱుగుపడుటకు ఇదియు నొక చిన్న కారణమని మా తలంపు.

ఈ సందర్భమున నొక విచిత్రము చెప్పక తప్పదు. ఈమెకు స్వదేశీయుడును సమకాలికుడునగు విన్సెంట్ వాన్ గోగ్ 1890 మే నెలలో, ఫ్రాన్సుదేశమున చికిత్సాలయము విడుచుటకు ముందు, గులాబిపూల చిత్రములు వేసెను. ఆ పూలు ఇప్పుడు తెల్లగా గనబడును. నిజమునకు ఆయన వేసినవి లేతయెఱుపు గులాబులు. ఆయన వాడిన ఎఱ్ఱలక్కరంగు వెలుగునకు వెలసిపోయినది. పూర్వపు పూలచిత్రములలో ఆకులు నీలముగా నుండుటకును నిట్టి కారణమే. పసుపు వెలసిపోయి నీలము మిగిలినది. ఒకరి గులాబి రసాయనశాస్త్రముచే తెల్లబడినది. ఒకరి గులాబి సంకల్పముచే తెల్లనిది. లోకమంతయు మొదటిదానిని దర్శించుటకు బోవుచున్నది. దానిని మేము తప్పనము, అవి గొప్పచిత్రములే.

మార్గరేటా లోపములను చెప్పెదమంటిమి. మొదటిది, ఆమె తన విజయమునకు తానే బందీ యైనది. తెల్లగులాబులకు గిరాకి యుండెను. ఆమె మఱల మఱల వేసెను. కొన్ని చిత్రములు నిన్నటి చిత్రమును జూచి వేసినట్లున్నవిగాని పూవును జూచి వేసినట్లు లేవు. రెండవది, ఆమె పూలు మిక్కిలి మర్యాదగలవి. వాడినఱేకు గలదు గాని క్రుళ్లినఱేకు లేదు. ముల్లు గలదు గాని గ్రుచ్చుకొనునట్లు లేదు. ధనికుల కూర్చుండు గదిలో ఎవరికిని ఇబ్బంది కలుగకుండ నుండవలెనను జాగ్రత్త కొన్నిచోట్ల కనబడుచున్నది. గెరార్డీనా బాక్‌హైజెన్ పూలను నేలమీద, చెట్టుక్రింద, బయటివెలుతురులో జూపినప్పుడు కలుగు తాజాదనము మార్గరేటా బల్లమీది పూలకు అన్ని వేళల రాదు. మారియా వోస్ వంటయింటి సామానులను, పాత్రలను వేసి సాధించిన గట్టిదనమును ఈమెకు లేదు. సీన్చె మెస్డాగ్ సంగతి వేఱు. ఆమె ముప్పదియేండ్లు దాటిన పిమ్మట కుంచెపట్టి, పొదలను, బీడునేలలను వేయుటకును వెనుదీయలేదు; 1881లో భర్త హేగ్ నగరమున నిర్మించిన సముద్రతీరపు మహాచిత్రములోను ఆమె చేయి గలదు. 1874లో బాలకార్మికులను గూర్చిన మొదటి చట్టమును దెచ్చిన సామ్యుయెల్ వాన్ హౌటెన్ ఆమెకు సోదరుడు. ఇట్టివారితో బోల్చినప్పుడు మార్గరేటా పరిధి చిన్నదని యొప్పుకొనవలసినదే. పరిధి చిన్నది గాని లోతు తక్కువ కాదు.

గిరాకి యను మాట వచ్చినది గనుక జీవనమును గూర్చియు జెప్పవలెను. గులాబులు మఱల మఱల వేసిన స్త్రీని నిందించుటకు ముందు ఆమె కూడు ఎట్లు వచ్చెడిదో విచారింపవలెనుగదా! 1838నాటి హాలండు పౌరశాసనముచొప్పున వివాహితయగు స్త్రీ భర్త యనుమతి లేనిదే ఒడంబడిక చేసికొనుటకు అర్హురాలు కాదు. ఈ నిబంధన 1956వ సంవత్సరమున గాని రద్దుకాలేదు. వోటుహక్కు 1919లోనే వచ్చినను, పెండ్లియైన స్త్రీ చట్టము దృష్టిలో మఱి ముప్పదియేడేండ్లు మైనరువలెనే యుండెను. అవివాహిత మాత్రము తన చిత్రమును తానే యమ్మి, తన సొమ్మును తానే దాచుకొనవచ్చును. గెరార్డీనా వివాహమాడలేదు. ఆడ్రియానా హానెన్, మారియా వోస్ ఇద్దఱును వివాహమాడక ఓస్టర్‌బేక్ అను పల్లెలో నొకే యింట గాపురముండి పనిచేసిరి. మార్గరేటా 1892లో, నలుబదియెనిమిదేండ్లు నిండిన పిమ్మట, యోహానెస్ వోగెల్ అను చిత్రకారుని బెండ్లాడినది, నాలుగేండ్లకే గతించినది. వీరి మనస్సులలో నేమున్నదో మేమెఱుగము. ఒకరి హృదయమును చట్టపుస్తకముతో గొలువ బూనుట అవివేకము. కాని రాచెల్ రైష్ పదిమంది బిడ్డలతో సాధించినదానిని, నూఱేండ్లు గడచిన పిమ్మట ఇందఱు స్త్రీలు ఒంటరిగానే సాధింపవలసివచ్చుటను జూచి, కాలము ముందునకే నడచుననుకొనువారు ఒకింత యాలోచింపవలెను.

డచ్చివారి పూలతో మన తీరమునకు గల సంబంధము నొకదానిని ఇచ్చట స్మరింపకుండలేము. 1605లో వారు మచిలీపట్టణమున వర్తకము ప్రారంభించిరి. చిరివేరు ఎఱుపుతో, నీలిమందుతో మన అద్దకపువారు వ్రాసిన పూలబట్టలు ఓడలకెక్కి హాలండు చేరినవి. హిందెలోపెన్ అను నూరి స్త్రీలు వానితో నంగీలు కుట్టించుకొనిరి. ఆ బట్టలిప్పటికిని అచ్చటి ప్రదర్శనశాలలలో నున్నవి. ఆ పూలు ఏ తోటలోను బూయనివి. కొనువాని రుచినిబట్టి మార్చబడినవి. వాని నద్దిన చేతుల పేర్లు మాత్రము మనకు లేవు. మార్గరేటాను మఱచినవారిని మేము తప్పుపట్టునప్పుడు, కనీసము ఆమె సంతకమైనను చిత్రము మూలను మిగిలినదని మాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

ఇటీవల హాలండులో గొంత కదలిక కలిగినది. ఆమ్‌స్టర్‌డామునందలి రైక్స్ మ్యూజియమువారు 2021 మార్చి 8వ తేదీన, రెంబ్రాంటు మొదలగువారి చిత్రములుండు తమ ప్రధానశాలలో మొట్టమొదటిసారిగా ముగ్గురు స్త్రీల చిత్రముల నుంచిరి: యూడిత్ లేస్టెర్, గెసీనా టెర్ బోర్ఖ్, రాచెల్ రైష్. రాచెల్ చిత్రముల పెద్ద ప్రదర్శనము 2024–25లో మ్యూనిక్ నగరమున ప్రారంభమై అమెరికాలోని టొలీడో, బోస్టను నగరములకు బోయెను. ముగ్గురును పదునేడవ శతాబ్దమున బుట్టినవారే. పందొమ్మిదవ శతాబ్దపు వారి వంతు వచ్చుటకు ఇంకను కాలము పట్టునట్లున్నది. వారికి ప్రాచీనత యను కవచము లేదు. వాన్ గోగ్ జీవితములోని యుద్వేగకథయు లేదు. వారు హేగ్ నగరపు కిటికీప్రక్కన గూర్చుండి, పనిచేసి, పని అమ్ముకొని, పోయిరి. ఇట్టి జీవితమును గూర్చి కథలు చెప్పుట కష్టము. చిత్రమును జూచుటయొకటే మార్గము.

చూచుటకు మేమొక యుపాయము చెప్పెదము. మార్గరేటా తెల్లగులాబుల ప్రతి యేదైన మీ చేతికి వచ్చినయెడల, పిల్లల వ్రాతపుస్తకమునుండి ఒక తెల్లకాగితపు ముక్క చింపి, చిత్రములోని మిక్కిలి తెల్లనిదనుకొన్న ఱేకు ప్రక్కన నుంచుడు. ఆ ఱేకు తెలుపు కాదని కన్ను వెంటనే చెప్పును. అది వెన్నరంగా, పొగరంగా, ఆకునీడయా యని యింటిల్లిపాదియు కొంతసేపు వాదించుకొనవచ్చును. ఆ మీదట కాగితమును తీసివేయుడు. ఱేకు మఱల తెల్లనగును.